కుటుంబానికి ఎప్పుడు చెప్పాలి: సంరక్షణ కేంద్రంలో ఒక రాత్రి పడిపోయిన వృద్ధురాలి కేసు

రోగి 84 ఏళ్ల మహిళ. అల్జైమర్స్ వ్యాధి మధ్య దశ దాటింది, ఎముకలు గుల్లబారాయి, గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కూడా ఉంది. రక్తపు గడ్డలు మెదడుకు చేరకుండా అపిక్సబాన్ అనే రక్తం పలచబరిచే మందును రోజుకు రెండుసార్లు వాడుతున్నారు. కొన్నేళ్లుగా ఒక దీర్ఘకాలిక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఉంటున్నారు. కుమార్తె అదే నగరంలో ఉంటారు. చేర్పించిన రోజు బాధ్యురాలిగా సంతకం చేసింది ఆమే. కుమారుడు మరో ఖండంలో ఉంటూ ఖర్చులో ఎక్కువ భాగం భరిస్తున్నారు. కుటుంబం రాతపూర్వకంగా ఫిర్యాదు చేసిన తరువాత, వృద్ధుల వైద్యంలో పనిచేస్తున్న నన్ను బయటి వ్యక్తిగా ఈ కేసును సమీక్షించమని యాజమాన్యం కోరింది. కుటుంబం అనుమతితో, గుర్తుపట్టగల వివరాలను మార్చి ఇక్కడ రాస్తున్నాను.

ఇలాంటి కేసులను సాధారణంగా సమాచార లోపం అనే శీర్షిక కింద చేర్చి, సిబ్బందికి ఒక శిక్షణ తరగతి పెట్టి, ఫైలు మూసేస్తారు. ఈ కేసును అలా చూడటాన్ని నేను అంగీకరించలేకపోయాను. కుటుంబానికి ఫోన్ చేయకపోవడం వల్ల ఇక్కడ నొచ్చుకున్నది మనసులు మాత్రమే కాదు. విరిగిన ఎముక దాదాపు పద్నాలుగు గంటలపాటు ఎవరి దృష్టికీ రాలేదు. ఆ విరుపును పట్టించగల ముఖ్యమైన వివరం కుమార్తె దగ్గర మాత్రమే ఉంది, ఆమెను అడిగినవారు లేరు. అందువల్ల కుటుంబానికి సమాచారం ఇవ్వడాన్ని మర్యాదగా కాకుండా, రోగి పరీక్షలో ఒక భాగంగా చూడాలన్నది నా అభిప్రాయం. కింది వివరాలన్నీ ఆ దృష్టితోనే చదవవలసినవి.

ఆ రాత్రి, ఆ మరునాడు

రాత్రి 2.40 గంటలకు గదుల రౌండ్‌కు వెళ్లిన కేర్‌టేకర్‌కు ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుని కనిపించారు. పడుతుండగా చూసినవారు లేరు. ఎలా పడ్డారని అడిగితే ఆమె చెప్పగల స్థితిలో లేరు. కేర్‌టేకర్ వెంటనే డ్యూటీ నర్సును పిలిచారు. నర్సు రక్తపోటు, నాడి, రక్తంలో ఆక్సిజన్ చూశారు. తల తడిమి చూశారు. ఎడమ మోచేతి దగ్గర పల్చని చర్మం చీరి ఉంటే శుభ్రం చేసి కట్టు కట్టారు. కాళ్లు రెండూ కదిలించమంటే కదిలించారు. ఇద్దరూ చెరొక చంకలో చేతులు వేసి లేపితే నిలబడ్డారు, మంచం ఎక్కి పడుకున్నారు. నర్సు మూడు గంటల ప్రాంతంలో డాక్టరుకు ఫోన్ చేసి, రోగి పడిపోయారని, చర్మం కొద్దిగా చీరిందని, మిగతా అంతా నిలకడగా ఉందని చెప్పారు. రక్తం పలచబరిచే మందు ప్రస్తావన ఆ సంభాషణలో రాలేదు. కనిపెట్టి చూడమని డాక్టరు చెప్పారు. ఇన్సిడెంట్ రిపోర్టులో పడిపోవడం, స్వల్ప చర్మ గాయం, డాక్టరుకు తెలియజేశాం అని మూడు ముక్కలు ఉన్నాయి. కుటుంబానికి తెలియజేసిన సమయం రాయవలసిన గడి ఖాళీగా ఉంది.

ఆ గడి ఎందుకు ఖాళీగా ఉందో నర్సు నాకు దాచకుండా చెప్పారు. తీవ్ర గాయమైతే కుటుంబానికి వెంటనే తెలియజేయాలని కేంద్రం నియమావళిలో ఉంది. ఏది తీవ్రమో రాత్రి ఒంటరిగా డ్యూటీలో ఉన్న మనిషే తేల్చుకోవాలి. అంతకు కొన్ని నెలల ముందు ఇదే నర్సు, మరో రోగికి తగిలిన చిన్న గీత గురించి రాత్రివేళ ఫోన్ చేస్తే, ఇంత మాత్రానికి నిద్ర లేపుతారా అని ఆ ఇంటివారు కసిరారు. ఆ అనుభవంతో, తెల్లవారాక పగటి షిఫ్టువారే చెబుతారని ఆమె వదిలేశారు. షిఫ్టు అప్పగింతలో రోగి రాత్రి పడ్డారని చెప్పారు గానీ, ఇంట్లోవారికి ఇంకా చెప్పలేదన్న మాట రాలేదు. రాత్రే చెప్పి ఉంటారని పగటి నర్సు అనుకున్నారు. ఉదయం 8 గంటలకు అపిక్సబాన్ డోసు యథావిధిగా ఇచ్చారు. ఉదయమంతా ఆమెను కుర్చీలో కూర్చోబెట్టారు, రెండుసార్లు నడిపించి బాత్రూముకు తీసుకెళ్లారు. ఉదయం అల్పాహారం ఆమె ముట్టుకోలేదు. నిద్ర సరిపోలేదేమోనని రాశారు.

పదకొండు గంటలకు కుమారుడు రోజూలాగే వీడియో కాల్ చేశారు. ఫోన్ పట్టుకుని నిలబడ్డ మరో కేర్‌టేకర్, అమ్మ ఎందుకు డల్‌గా ఉందని ఆయన అడిగితే, రాత్రి పడ్డారు సార్ అని చెప్పారు. ఆయన వెంటనే చెల్లెలికి ఫోన్ చేశారు. ఆమె కేంద్రానికి ఫోన్ చేస్తే, రిసెప్షన్‌లో ఉన్నవారు తమ దగ్గర అలాంటి నమోదేమీ లేదన్నారు. పట్టుబట్టి వార్డుకు కలిపించుకుంటే, పగటి నర్సు రిపోర్టు తిరగేసి, చిన్న గీత మాత్రమే మేడమ్, ఏమీ కాలేదు, కంగారు పడకండి అన్నారు. ఆ మాట చెప్పే ముందు ఆ నర్సు లేచి రోగి దగ్గరికి వెళ్లి చూడలేదు. కుమార్తె ఆ మాట నమ్మారు. ఆఫీసులో పని ముగించుకుని సాయంత్రం నాలుగున్నరకు వచ్చారు.

వచ్చిన రెండు నిమిషాల్లో ఆమె గుర్తుపట్టారు. తల్లి దుప్పటి అంచును గట్టిగా పిడికిట పట్టుకుని, పెదవులు కదిలిస్తూ లోలోపల అంకెలు లెక్కపెట్టుకుంటున్నారు. నొప్పి వస్తే ఆమె మొదటి నుంచీ అంతేనని, కాన్పు నొప్పుల నాడు కూడా కేక పెట్టకుండా లెక్కపెట్టుకున్నారని ఇంట్లో అందరికీ తెలుసునని కుమార్తె చెప్పారు. రెండో చేత్తో ఎడమ మోకాలు రుద్దుకుంటున్నారు. తుంటి దగ్గరి ఎముక విరిగినప్పుడు నొప్పి మోకాలిలో తెలియడం వైద్యులకు బాగా తెలిసిన సంగతి. కబురు పెట్టగానే వచ్చిన డాక్టరు తొడను కొద్దిగా లోపలికి తిప్పి చూడగానే ఆమె ముఖం బిగుసుకుంది. ఆసుపత్రిలో తీసిన ఎక్స్‌రేలో ఎడమ తొడ ఎముక మెడ భాగం విరిగి, ముక్కలు పక్కకు జరిగి కనిపించాయి. తలకు తీసిన సీటీ స్కాన్‌లో రక్తస్రావం లేదు. ఉదయం వేసిన మందు ప్రభావం తగ్గేదాకా ఆగవలసి రావడంతో శస్త్రచికిత్స ఆలస్యమైంది. చివరికి ఎముక తలను తీసి కృత్రిమ భాగం అమర్చారు.

వైద్యపరంగా ఏం జారిపోయింది

రాత్రి ఆమె నిలబడ్డారు కాబట్టి ఎముక విరగలేదని నర్సు అనుకోవడం అర్థంపర్థం లేని ఊహ కాదు. తొడ ఎముక మెడ విరిగినప్పుడు సాధారణంగా కాలు పొట్టిగా అవుతుంది, పాదం బయటికి తిరుగుతుంది, రోగి బరువు మోపలేరు. కానీ విరిగిన రెండు ముక్కలూ ఒకదానిలోకి ఒకటి దిగబడిపోతే ఆ గుర్తులేవీ ఉండకపోవచ్చు, రోగి కొద్ది దూరం నడవవచ్చు కూడా. కొన్ని విరుపులు మొదటి ఎక్స్‌రేలో సైతం కనిపించక, ఎంఆర్ఐ తీస్తే గానీ బయటపడవు. డిమెన్షియా ఉన్నవారు నొప్పిని మాటల్లో చెప్పలేరు కాబట్టి ఊపిరి, మూలుగు, ముఖ కవళికలు, ఒంటి కదలికలు, ఓదారిస్తే శాంతించడం అనే ఐదు అంశాలను చూసి నొప్పిని అంచనా వేసే కొలమానం ఒకటి వాడుకలో ఉంది. ఆ కేంద్రంలో దాని ఫారాలు ఉన్నాయి, ఆ రాత్రి నింపలేదు. నింపినా ఈ రోగి విషయంలో తక్కువ అంకే వచ్చి ఉండేదని నా అనుమానం, ఎందుకంటే ఆమె మూలగరు, ముడుచుకోరు, మౌనంగా ఉంటారు. కొలమానం చెప్పలేని ఈ విషయాన్ని కుమార్తె చెప్పగలిగేవారు.

తల విషయంలోనూ ఇదే జరిగింది. ఎవరూ చూడని పడిపోవడాన్ని, అందులోనూ రక్తం పలచబరిచే మందు వాడుతున్న వ్యక్తి పడిపోవడాన్ని, కాదని రుజువయ్యేదాకా తలకు దెబ్బ తగిలినట్టే పరిగణించాలి. వయసుతో మెదడు కుంచించుకుపోయి, పైపొర సిరలు సాగి ఉంటాయి. చిన్న కుదుపుకే అవి తెగి, రక్తం మెల్లగా చేరి, రోజుల తరువాతో వారాల తరువాతో లక్షణాలు బయటపడే అవకాశం ఉంటుంది. అందుకే మొదటి రెండు గంటలు అరగంటకొకసారి, తరువాతి నాలుగు గంటలు గంటకొకసారి, ఆపైన రెండు గంటలకొకసారి స్పృహ స్థాయిని చూడటం తల దెబ్బలకు బాగా ప్రచారంలో ఉన్న పద్ధతి. ఇక్కడ ఒక్కసారి చూసి వదిలేశారు. స్పృహను కొలిచే గ్లాస్గో స్కేలులో ఆమెకు 14 వచ్చిందని రాశారు, గరిష్ఠం 15. ఆ తగ్గిన ఒక్క అంకె ఆమె రోజువారీ తికమకదా, కొత్తగా వచ్చినదా అని తేల్చడానికి ఆమెను ఎరిగినవారు కావాలి. రాత్రి డ్యూటీ నర్సు ఆ వార్డుకు కొత్త.

శస్త్రవైద్యుడిని కుటుంబం అడిగిన ప్రశ్న ఒకటి ఈ కేసు మొత్తంలో అత్యంత బరువైనదని నేను భావిస్తాను. తెల్లవారుజామునే తెలిసి ఉంటే ఇంత పెద్ద శస్త్రచికిత్స అవసరమయ్యేదా అని వారు అడిగారు. ముక్కలు జరగని విరుపును చాలావరకు స్క్రూలతో బిగించవచ్చు. జరిగిన తరువాత ఈ వయసులో సాధారణంగా ఎముక తల మార్చవలసి ఉంటుంది. రాత్రి నిలబడగలిగారు కాబట్టి అప్పటికి ముక్కలు జరగలేదని, పగలు నడిపించినప్పుడు జరిగాయని ఊహించడానికి ఆస్కారం ఉంది, రుజువు చేయడానికి లేదు. శస్త్రవైద్యుడు అదే చెప్పారు. సమీక్షా నివేదికలో నేను కూడా అదే రాశాను. ఈ వాక్యం తీసేయమని యాజమాన్యం నుంచి విన్నపం వచ్చింది. దాన్ని తీసేస్తే కుటుంబానికి రెండోసారి దాచినట్టవుతుందని చెప్పి ఉంచాను.

చట్టాలు ఎక్కడ గీత గీశాయి

నివేదిక రాసేటప్పుడు రెండు దేశాల నిబంధనలను పోలిక కోసం చూశాను. అమెరికాలో నర్సింగ్ హోముల సంస్కరణ చట్టం 1987లో వచ్చింది. దాని ఆధారంగా రూపొందిన సమాఖ్య నిబంధనల ప్రకారం, గాయం కలిగించి వైద్యుడి జోక్యం అవసరమయ్యే అవకాశం ఉన్న ప్రమాదం జరిగితే, కేంద్రం తక్షణమే రోగికి చెప్పాలి, వైద్యుడిని సంప్రదించాలి, రోగి ప్రతినిధికి తెలియజేయాలి. రోగి శారీరక, మానసిక స్థితిలో గణనీయమైన మార్పు వచ్చినా, చికిత్సను పెద్దగా మార్చవలసి వచ్చినా, వేరే చోటికి తరలించాలని నిర్ణయించినా ఇదే వర్తిస్తుంది. ఇంగ్లండులో నిజాయితీగా వెల్లడించే బాధ్యత 2014 నవంబరులో ప్రభుత్వ ఆరోగ్య సంస్థలకు, 2015 ఏప్రిల్ నుంచి వృద్ధుల సంరక్షణ కేంద్రాలు సహా నమోదైన సంస్థలన్నింటికీ చట్టబద్ధమైంది. నిర్దేశిత స్థాయి హాని జరిగితే వీలైనంత త్వరగా మనిషి ఎదుట చెప్పడం, తెలిసినంతవరకు నిజమైన వివరం ఇవ్వడం, క్షమాపణ చెప్పడం, తరువాత రాతపూర్వకంగా పంపడం అందులో భాగాలు.

అమెరికా నిబంధనలో మన పనికి ఎక్కువగా పనికొచ్చేది, వైద్యుడి జోక్యం అవసరమయ్యే అవకాశం అన్న కొలత. గాయం ఎంత పెద్దదో తేలేదాకా ఆగమని అది చెప్పదు. ఆ రాత్రి నర్సు డాక్టరుకు ఫోన్ చేశారు. డాక్టరుకు చెప్పదగిన సంగతి అని ఆమె అప్పటికే తేల్చుకున్నారన్నమాట. డాక్టరుకు ఫోన్ చేయవలసినంత సంగతి అయితే, బాధ్యురాలిగా సంతకం చేసిన కుమార్తెకు కూడా ఫోన్ చేయవలసినంత సంగతే. నివేదికలో నేను సూచించిన మార్పుల్లో మొదటిది ఇదే: తీవ్రత అనే మాటను నియమావళి నుంచి తొలగించి, డాక్టరుకు ఫోన్ వెళ్లిన ప్రతి సంఘటనకూ కుటుంబానికి ఫోన్ వెళ్లాలని రాయడం. ఒంటరిగా ఉన్న నర్సు మీద తీర్పు చెప్పే భారం దీనితో తగ్గుతుంది. చిన్న చర్మ గాయాలకు రాత్రి నిద్ర లేపవద్దనుకునే కుటుంబాలు ఉంటాయి, వారి కోరిక న్యాయమైనదే. దాన్ని చేర్పించే రోజే అడిగి కేస్ షీట్ మొదటి పేజీలో రాసుకోవాలి. అయితే ఎవరూ చూడకుండా పడినా, తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం ఉన్నా, రక్తం పలచబరిచే మందు వాడుతున్నా ఆ మినహాయింపు చెల్లదని అదే రోజు వారికి చెప్పి ఉంచాలి.

మొదటి ఫోన్‌లో ఏం ఉండాలి

రోగిని తన చేతులతో పరీక్షించిన మనిషే ఫోన్ చేయాలి. రిసెప్షన్ నుంచి గానీ, రిపోర్టు చదివి చెప్పే మరొకరి నుంచి గానీ వెళ్లే ఫోన్, ఈ కేసులో జరిగినట్టే, తప్పుడు ధైర్యాన్ని ఇస్తుంది. కుమార్తె ఐదు గంటలు ఆలస్యంగా రావడానికి కారణం ఆమె నిర్లక్ష్యం కాదు, ఏమీ కాలేదన్న మాట. ఆ ఐదు గంటల గురించి ఆమె ఇప్పటికీ తనను తాను నిందించుకుంటున్నారు. ఈ సమీక్షలో నన్ను అన్నిటికంటే కలచివేసింది అదే.

ఆ రాత్రి ఫోన్ చేసి ఉంటే ఎలా ఉండవలసిందో నర్సులతో కలిసి కూర్చుని రాశాం. మూడు ముసాయిదాలు పక్కన పడేసిన తరువాత నిలిచినది ఇది: మేడమ్, నేను సంరక్షణ కేంద్రం నుంచి రాత్రి డ్యూటీ నర్సును మాట్లాడుతున్నాను. మీ అమ్మగారు స్పృహలోనే ఉన్నారు, నేను ఆమె పక్కనే ఉన్నాను. రాత్రి 2.40కి ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుని కనిపించారు. ఎలా పడ్డారో ఎవరూ చూడలేదు. ఎడమ మోచేతి దగ్గర చర్మం చీరితే కట్టు కట్టాం. లేపితే నిలబడ్డారు, తల మీద దెబ్బ పైకి కనిపించడం లేదు. కానీ రక్తం పలచబరిచే మందు వాడుతున్నారు కాబట్టి తలకు ఏమీ కాలేదని, ఎముక విరగలేదని నేను ఇప్పుడే చెప్పలేను. డాక్టరుగారితో మాట్లాడాను. నొప్పి ఉన్నప్పుడు మీ అమ్మగారు మామూలుగా ఎలా ఉంటారో కొంచెం చెబుతారా?

చివరి ప్రశ్నే ఈ ఫోన్‌కు ప్రాణం. దాని తరువాత ఇంకో రెండు ప్రశ్నలు వస్తాయి: ఆసుపత్రికి తీసుకెళ్లే విషయంలో కుటుంబం ముందే తీసుకున్న నిర్ణయం ఏదైనా ఉందా, ఇంకెవరికి చెప్పాలి, ఆ పని మీరు చేస్తారా మేం చేయాలా. తరువాత, మళ్లీ ఎన్ని గంటలకు ఫోన్ చేస్తామో చెప్పి, కొత్త సంగతి లేకపోయినా ఆ సమయానికి చేయాలి. రాత్రివేళ అలాంటి ఫోన్ అందుకున్న మనిషి సగం మాటలు వినరు. రెండో ఫోన్‌లోనే అసలు ప్రశ్నలు అడుగుతారు. పడిపోవడానికి కారణం ఏమిటన్న ఊహను మాత్రం మొదటి ఫోన్‌లో చేర్చకూడదు. బాత్రూముకు లేచి ఉంటారు, చెప్పులు జారి ఉంటాయి అని మాటవరసకు అన్నది మరునాడు తప్పని తేలితే, నిజంగా తెలిసి చెప్పిన మిగతా మాటల మీద కూడా నమ్మకం పోతుంది.

నర్సుల నుంచి వచ్చిన అభ్యంతరం ఒకటి బలమైనది. తెలియదని ఇన్నిసార్లు చెబితే కుటుంబం మరింత భయపడుతుంది కదా అన్నారు. భయపడుతుంది, నిజమే. కానీ ఆ భయానికి ఆధారం ఉంది, దానితో వారు చేయగలిగింది కూడా ఉంది: బయలుదేరి రావచ్చు, స్కాన్ తీయించమని అడగవచ్చు, నొప్పి గుర్తులు చెప్పవచ్చు. తరువాత తెలిసినప్పుడు కలిగే భయంతో వారు చేయగలిగింది ఏదీ ఉండదు.

చేతుల మీది కమిలిన మచ్చలు

శస్త్రచికిత్స జరిగిన తరువాత, తల్లి రెండు భుజాల కింద, చంకలకు దగ్గరగా, వేళ్ల అచ్చుల్లాంటి కమిలిన మచ్చలను కుమార్తె చూశారు. ఎవరైనా గట్టిగా పట్టుకుని ఊపారా, కొట్టారా అని ఆమె అడిగారు. అవి నేల మీద నుంచి లేపినప్పుడు ఇద్దరు మనుషుల చేతులు పడిన చోటికి సరిపోతున్నాయి. రక్తం పలచబరిచే మందు వాడేవారికి ఆ మాత్రం పట్టుకే చర్మం కింద రక్తం చేరుతుంది. కానీ ఎలా లేపారన్నది రిపోర్టులో లేదు. లేపడానికి వాడవలసిన హోయిస్టు యంత్రాన్ని ఆ రాత్రి వాడలేదన్న సంగతి నేను అడిగితే గానీ బయటికి రాలేదు. మొదటి రోజే చెప్పి ఉంటే ఒక్క వాక్యంలో ముగిసే విషయం, హింస జరిగిందేమోనన్న అనుమానంగా మారింది. ఆ అనుమానానికి కుమార్తెను తప్పుపట్టలేం. ప్రమాదవశాత్తు అయ్యే కమిలిన మచ్చలు వృద్ధుల్లో ఎక్కువగా చేతులు, కాళ్ల మీదే కనిపిస్తాయి. మెడ, చెవులు, పిరుదుల వంటి చోట్ల కనిపిస్తే అనుమానించడం సబబు. మచ్చ రంగును బట్టి అది ఏ రోజుదో తేల్చడం నమ్మదగిన పద్ధతి కాదు కాబట్టి, చూసిన రోజే, చూసిన గంటే కొలత, చోటు రాసి ఫొటో తీయడం ఒక్కటే రక్షణ.

అమెరికా నిబంధనల్లో కారణం తెలియని గాయాలకు ప్రత్యేక స్థానం ఉంది. గాయం ఎలా అయిందో ఎవరూ చూడక, రోగీ చెప్పలేక, గాయం చోటు, తీవ్రత, సంఖ్య అనుమానం కలిగించేలా ఉంటే, దాన్ని అధికారులకు నివేదించాలి: హింస ఆరోపణ ఉన్నా, తీవ్ర శారీరక హాని జరిగినా రెండు గంటల్లోపు, లేకపోతే 24 గంటల్లోపు. ఇలాంటి గాయం విషయంలో కుటుంబానికి చెప్పేటప్పుడు, విచారణ జరుపుతున్నామని, ఎవరు జరుపుతున్నారో, ఫలితం ఎప్పుడు చెబుతామో కూడా అదే సంభాషణలో చెప్పాలి. సిబ్బందిని వెనకేసుకొస్తూ మొదలుపెడితే ఆ తరువాత చెప్పేది ఎంత నిజమైనా వినేవారు ఉండరు.

కుటుంబంతో సమావేశం

సమావేశానికి ముందు యాజమాన్యంలో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. క్షమాపణ చెబితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని, న్యాయవాది సలహా వచ్చేదాకా విచారం వెలిబుచ్చి ఊరుకోవాలని కొందరు అన్నారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2006 నాటి నష్టపరిహార చట్టం, క్షమాపణ చెప్పడం దానంతట అదే నిర్లక్ష్యాన్ని ఒప్పుకోవడం కాదని స్పష్టంగా చెబుతుంది. అన్ని చోట్లా చట్టం ఒకేలా ఉండదు. కానీ ఇక్కడ ఫోన్ చేయకపోవడం గురించి వాదించడానికి ఏమీ లేదు, గడి ఖాళీగా ఉంది. దానికి క్షమాపణ చెప్పడానికి న్యాయవాది అవసరం లేదని నేను చెప్పాను. చివరికి కేంద్రం అధిపతి కుమార్తె ఎదుట కూర్చుని, రాత్రే మీకు చెప్పవలసింది, చెప్పలేదు, పగలు మీరే అడిగినప్పుడు కూడా చూడకుండా సమాధానం చెప్పాం, అందుకు క్షమించమని కోరుతున్నాను అన్నారు. కుమారుడు వీడియోలో ఉన్నారు. ఆయన అడిగిన ప్రశ్న, ఇంతకు ముందు ఇలా ఎన్నిసార్లు జరిగింది అన్నది. పాత రిపోర్టులన్నీ తీయించి చూస్తే, అంతకు ముందు మంచం పక్కన ఒకసారి తూలి కూర్చుండిపోయిన సంఘటన కనిపించింది. అప్పుడూ కుటుంబానికి చెప్పినట్టు నమోదు లేదు. దాన్ని కూడా వారికి చూపించాం.

ఇంకో సంగతి ఇక్కడ నమోదు చేయాలి. ఫిర్యాదు రాగానే యాజమాన్యం మొదట మందలించింది వీడియో కాల్‌లో నిజం చెప్పిన కేర్‌టేకర్‌ను. అధికారం లేకుండా రోగి సమాచారం బయటపెట్టారన్నది ఆమెపై వచ్చిన ఆరోపణ. ఆ ఇరవై నాలుగు గంటల్లో కేంద్రం నుంచి ఆ కుటుంబానికి, అడగగానే నిజం చెప్పింది ఆమె ఒక్కరే. గాయాల గురించి చెప్పవలసింది నర్సే అన్న నియమం సరైనదే, కానీ కన్నకొడుకు నేరుగా అడిగినప్పుడు అబద్ధం చెప్పమని ఏ నియమమూ కోరకూడదు. ఆ మందలింపు లేఖను వెనక్కి తీసుకోవాలని రాశాను, తీసుకున్నారు. ఇకముందు కేర్‌టేకర్లకు ఇలాంటి ప్రశ్న ఎదురైతే, అవును, రాత్రి ఒక సంఘటన జరిగింది, నర్సు గారిని ఇప్పుడే పిలుస్తాను అని చెప్పి, ఫోన్ ఆమె చేతికి ఇవ్వాలని నిర్ణయించారు.

తరువాత మారినవి, మారనివి

కుటుంబానికి తెలియజేసిన గడి ఖాళీగా ఉంటే షిఫ్టు అప్పగింత పూర్తికాదు. దిగిపోయే నర్సు అప్పటికప్పుడు ఫోన్ చేసే వెళతారు. ఎవరితో, ఎన్ని గంటలకు, ఏం చెప్పారో, వారు ఏం చెప్పారో నాలుగూ రాయాలి. ఫోన్ ఎత్తకపోతే రెండో నంబరుకు, ఆ తరువాత మూడో నంబరుకు చేసి ప్రతి ప్రయత్నమూ నమోదు చేయాలి. వాట్సాప్ సందేశం పంపి చెప్పేశామనుకోవడం కుదరదు. ప్రతి రోగి కేస్ షీట్‌లో నొప్పి వస్తే ఎలా ప్రవర్తిస్తారు అన్న వరుస కొత్తగా చేరింది. దాన్ని కుటుంబంతో మాట్లాడి నింపుతారు. కొందరి దగ్గర పాట ఆగిపోతుందని, కొందరు తిట్టడం మొదలుపెడతారని, ఒకాయన అతి మర్యాదగా మారిపోతారని రాసి ఉన్న ఆ వరుసలు చదివాను. వైద్యుడిగా నాకు అవి ఏ స్కానుకూ తీసిపోవు.

మతి స్థిమితంగా ఉండి, నేను పడ్డానని మా పిల్లలకు చెప్పకండి అని కోరే రోగుల విషయంలో చర్చ ఎక్కువసేపు సాగింది. నిర్ణయించుకోగల స్థితిలో ఉన్న మనిషి గాయం ముందుగా ఆ మనిషి సొంత విషయం. వారి మాట కాదని పిల్లలకు చెప్పే హక్కు కేంద్రానికి లేదు. ఎందుకు వద్దంటున్నారో అడిగి, వారే చెప్పేలా సాయపడి, ఆ సంభాషణను రాసుకోవాలి. ఆసుపత్రికి తరలించవలసి వస్తే ఏం చేయాలో కూడా వారితోనే ముందు మాట్లాడుకోవాలి. ఇలాంటి కోరిక వెనుక చాలాసార్లు, తెలిస్తే నన్ను ఇక్కడి నుంచి వేరే చోటికి మార్చేస్తారన్న భయం ఉంటుందని నర్సులు చెప్పారు. నేను చూసినదీ అదే.

అన్నాచెల్లెళ్లలో ఎవరికి ముందు చెప్పాలన్న ప్రశ్న ఈ కేసులో ఇంకా పూర్తిగా తేలలేదు. ఖర్చు భరించేవారు తమకే ముందు చెప్పాలని ఆశిస్తారు. నిర్ణయం తీసుకునే బాధ్యత సంతకం చేసినవారిది. కేంద్రం కుమార్తెకే ముందు ఫోన్ చేస్తుంది, అన్నకు చెప్పడం ఆమె పని అని ఇద్దరి సమ్మతితో రాసుకున్నారు, కుమారుడు సంతకం పెట్టారు గానీ సంతృప్తిగా పెట్టలేదు. రోగి ఇప్పుడు వాకర్‌తో, ఒకరి సాయంతో నాలుగడుగులు వేస్తున్నారు. ఆ తరువాత మరోసారి రాత్రి మంచం దిగబోయి మోకాళ్ల మీద కూర్చుండిపోతే, నర్సు పావుగంటలో కుమార్తెకు ఫోన్ చేశారు. అమ్మ లెక్కపెట్టుకుంటోందా అని కుమార్తె అడిగారు. లేదు, నన్ను విసుక్కుంటున్నారు అని నర్సు చెప్పారు. అయినా తలకు సంబంధించిన పరీక్షలు తెల్లవారేదాకా నిర్ణీత వేళలకు చేసి, ప్రతిసారీ కుమార్తెకు సందేశం పంపి, ఉదయం డాక్టరు చూసిన తరువాత మళ్లీ ఫోన్ చేశారు.